డార్విన్ పాఠం తీసేశారు, గులాబీ పురుగు మాత్రం పోలేదు

కేంద్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ 2023లో పదో తరగతి సైన్స్ పుస్తకాన్ని తిరిగి అచ్చు వేసినప్పుడు అందులో ఒక అధ్యాయం పేరు సగమైపోయింది. అంతకుముందు 'అనువంశికత, పరిణామం' అని ఉన్నది కేవలం 'అనువంశికత'గా మిగిలింది. పోయిన ఆ సగంతో పాటే డార్విన్, శిలాజాలు, భూమి మీద జీవం పుట్టుక, మనిషి పరిణామక్రమం కూడా పుస్తకంలోంచి వెళ్ళిపోయాయి. కరోనా రోజుల్లో పిల్లల మీద భారం తగ్గించాలనే పేరుతో 2022లో ప్రకటించిన కోతలో ఇది ఒక భాగం. కరోనా పోయింది, బడులు తెరిచారు, కోత మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ భాగాన్ని తిరిగి చేర్చాలని కోరుతూ బ్రేక్‌త్రూ సైన్స్ సొసైటీ అనే సంస్థ చొరవతో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు 2023 ఏప్రిల్‌లో బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. పరిణామ సిద్ధాంతాన్ని ఎవరూ నిషేధించలేదనీ, పన్నెండో తరగతిలో దానికి ఒక పూర్తి అధ్యాయమే ఉందనీ ప్రభుత్వ వర్గాలు బదులిచ్చాయి.

వినడానికి ఈ సమాధానం సబబుగానే ఉంటుంది. కానీ తెలుగు రాష్ట్రాల్లో చదువులు ఎలా నడుస్తాయో తెలిసినవాళ్ళకు అందులోని లొసుగు ఇట్టే కనిపిస్తుంది. పన్నెండో తరగతి జీవశాస్త్రం అంటే మన లెక్కలో ఇంటర్ బైపీసీ. పదో తరగతి ఫలితాలు రాకముందే కాలేజీల వాళ్ళు ఇళ్ళకు వచ్చి ఎంపీసీ సీటుకు అడ్వాన్సు కట్టించుకుపోయే చోట, చాలామంది పిల్లలకు జీవశాస్త్రంతో రుణం పదో తరగతి పబ్లిక్ పరీక్షతోనే తీరిపోతుంది. ఎంపీసీ, ఇంజనీరింగు, సాఫ్ట్‌వేరు అనే దారిన పోయిన నాలాంటివాళ్ళకు ఆ తర్వాత జీవశాస్త్రం పుస్తకం తెరిచే సందర్భమే రాదు. సీఈసీ, పాలిటెక్నిక్, ఐటీఐ వైపు వెళ్ళేవాళ్ళ సంగతీ అంతే. కాబట్టి పన్నెండులో ఉంచి పదిలో తీసేయడమంటే, డాక్టరు కావాలనుకునే పిల్లలకు తప్ప మరెవరికీ మనిషి పుట్టుక గురించి సైన్సు ఏమంటుందో తెలియనక్కర్లేదని తేల్చేయడమే. రేపు జన్యుమార్పిడి పంటల మీదా డీఎన్ఏ పరీక్షల మీదా వాదించేదీ, వాట్సాప్‌లో పంచేదీ, ఓటు వేసేదీ మాత్రం మిగతా అందరూనూ.

ఉమ్మడి రాష్ట్రంలో 2014లో వచ్చిన పదో తరగతి జీవశాస్త్రం పుస్తకం ఈ విషయంలో చాలా మెరుగ్గా ఉండేది. ఎలుకల తోకలను తరం తర్వాత తరం కత్తిరించినా పుట్టే పిల్లలు తోకలతోనే పుట్టాయని చూపిన వైస్మన్ ప్రయోగం అందులో ఉంది. మనిషి ఒక నడిచే అవశేషావయవాల, అంటే పని లేకుండా మిగిలిపోయిన అవయవాల, మ్యూజియం అనే మాటా ఉంది. చెవిని కదిలించే కండరాలు మనకెందుకు మిగిలాయని పదిహేనేళ్ళ పిల్లవాడు ఒక్కసారి ఆలోచిస్తే, ఆ ఆలోచన వాడిని ఎంపీసీలో చేరాక కూడా వదలదు. ఆంధ్రప్రదేశ్ 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యాంశాలను తీసుకోవడంతో ఢిల్లీలో పడిన కత్తెర మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల దాకా వచ్చింది. ఇది ఎవరో కుట్ర పన్ని చేశారని నేను అనను. ఎవరూ పట్టించుకోకుండా జరిగిపోయింది, నన్ను ఎక్కువగా బాధించేదీ అదే.

ఈ కోతకు వెనక ఉన్న వాతావరణాన్ని మాత్రం మరిచిపోలేం. 2018 జనవరిలో అప్పటి కేంద్ర మానవ వనరుల శాఖ సహాయమంత్రి సత్యపాల్ సింగ్, డార్విన్ సిద్ధాంతం శాస్త్రీయంగా తప్పనీ, కోతి మనిషిగా మారుతుండగా చూశామని మన పూర్వీకులెవరూ రాయలేదనీ, చెప్పలేదనీ, పాఠ్యపుస్తకాలు మార్చాలనీ అన్నారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలూ కలిసి దాన్ని ఖండించాయి. ఆయన శాఖకే పెద్ద మంత్రి అయిన ప్రకాశ్ జావడేకర్ అలాంటి మాటలు వద్దని ఆయనకు సూచించారు. సత్యపాల్ సింగ్ రాజకీయాల్లోకి రాకముందు ముంబై పోలీస్ కమిషనర్. కళ్ళారా చూసినవాళ్ళు లేని హత్య కేసుల్లో వేలిముద్రలతో, నెత్తుటి మరకలతో నేరం రుజువు చేయించే శాఖకు అధిపతిగా పనిచేసినవారు, ఎవరూ చూడలేదు గనుక జరగలేదని వాదించడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఆ మరుసటి సంవత్సరం వంతు మనది. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ జి. నాగేశ్వరరావు, కౌరవులు మూలకణాల పరిజ్ఞానంతో, టెస్ట్ ట్యూబ్ పద్ధతిలో పుట్టారనీ, రావణుడి దగ్గర ఇరవై నాలుగు రకాల విమానాలు ఉండేవనీ, డార్విన్ కంటే దశావతారాల సిద్ధాంతమే మెరుగనీ చెప్పారు. విన్నవాళ్ళలో బడిపిల్లలు ఉన్నారు, ఎందుకంటే అది పిల్లల కోసం పెట్టిన సభ. ఆ మాటల మీద దేశమంతా నవ్విందిగానీ, నవ్వి ఊరుకోవడం కాదు, ఆ వాదన ఎక్కడ కూలిపోతుందో పిల్లలకు విప్పి చెప్పడం అవసరమని నా అభిప్రాయం.

చేప, తాబేలు, వరాహం, సగం మనిషి సగం సింహం, పొట్టివాడు, గొడ్డలి పట్టినవాడు, ఆ తర్వాత రాముడు, కృష్ణుడు. వరుస చూస్తే నీటిలోంచి నేల మీదికి, మృగం నుంచి మనిషికి వచ్చినట్టే ఉంటుంది. ఈ పోలిక కొత్తదేమీ కాదు, బెంగాల్‌లో కేశవ చంద్ర సేన్ 1882లోనే చెప్పాడు. అయితే ఆ సంవత్సరం గమనించాలి. డార్విన్ పుస్తకం 1859లో వచ్చింది, మనిషి పుట్టుక మీద రాసినది 1871లో వచ్చింది, పోలిక ఆ తర్వాత వచ్చింది. అంతకుముందు శతాబ్దాలపాటు దశావతారాలను చదివిన పండితులూ, పాడుకున్న భక్తులూ, తోలుబొమ్మలాడించినవాళ్ళూ అందులో జీవశాస్త్రాన్ని చూడలేదు. చేప తాబేలుగా మారిందని పురాణం ఎక్కడా చెప్పదు. ఒక్కో అవతారానికి ఒక్కో అవసరం ఉంది, ఒక్కో భక్తుడున్నాడు, ఒక్కో రాక్షసుడున్నాడు. స్తంభంలోంచి నరసింహుడు వచ్చినది ప్రహ్లాదుడి మాట నిలబెట్టడానికేగానీ, క్షీరదాలు నిటారుగా నిలబడ్డాయని చెప్పడానికి కాదు. ఆ కథకు డార్విన్ చేత సర్టిఫికెట్ ఇప్పించాలనుకోవడం, గౌరవించే పేరుతో కథను తక్కువ చేయడమే. ఇక సైన్సు వైపు నుంచి చూస్తే, మెట్ల వరుసగా జీవులు ఎదిగి చివరి మెట్టు మీద మనిషి నిలబడ్డాడనే ఊహే పరిణామ సిద్ధాంతం కాదు. ఆ బొమ్మ మన గోడల మీద, టీషర్టుల మీద ఎంతగా కనిపించినా అది తప్పే.

అక్కడి నుంచే ఆ పాత ప్రశ్న కూడా పుట్టింది. మనిషి కోతి నుంచి వస్తే ఇప్పుడున్న కోతులు మనుషులెందుకు కావడం లేదు? మా పెదనాన్న పిల్లలు నేనుగా మారలేదేమని నేనెప్పుడూ అడగను, మాకందరికీ తాతగారు ఒక్కరే అంతే. మనకూ చింపాంజీలకూ ఉమ్మడి పూర్వీకులు సుమారు 60, 70 లక్షల ఏళ్ళ కిందట ఉన్నారు. సరే, ఇది నమ్మకమా, రుజువా అని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు అన్నిటికంటే నచ్చిన ఉదాహరణ జన్యువులను మోసే క్రోమోజోములది. చింపాంజీకి 48, మనకు 46. ఉమ్మడి పూర్వీకులే నిజమైతే ఒక జత ఊరికే మాయమైపోదు, ఎందుకంటే అన్ని జన్యువులు పోతే ప్రాణి బతకదు. కాబట్టి మన క్రోమోజోముల్లో ఏదో ఒకటి రెండింటి అతుకు అయివుండాలి. ప్రతి క్రోమోజోము చివరలోనూ ఒకే తరహా డీఎన్ఏ అక్షరాలు పదే పదే వచ్చే ముక్క ఉంటుంది. అతుకు నిజమైతే ఆ చివరి ముక్కలు మన క్రోమోజోము మధ్యలో ఎదురెదురుగా దొరకాలి. 1991లో మన రెండో క్రోమోజోములో సరిగ్గా అవే దొరికాయి, చింపాంజీ క్రోమోజోములు రెండింటిని కలిపి చూస్తే దానితో సరిపోతున్నాయి కూడా. దొరకకపోతే సిద్ధాంతం చిక్కుల్లో పడేది. ముందుగా మాట ఇచ్చి, తప్పు తేలే అవకాశాన్ని నెత్తిన పెట్టుకుని, వెతికి చూడడం అనే ఈ పద్ధతి పదో తరగతి పిల్లలకు అర్థం కానంత కష్టమైనదేమీ కాదు.

మన నేల మీదే ఉన్న సాక్ష్యం గురించి మన పాఠాలు మాట్లాడకపోవడం ఇంకో విచిత్రం. బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడ జుర్రేరు లోయలో తవ్వితే మెత్తని, తెల్లటి బూడిద పొర దట్టంగా బయటపడుతుంది. అది ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ళ కిందట పేలినప్పుడు ఎగిరివచ్చి పడిన బూడిద. సూక్ష్మదర్శిని కింద అది గాజు పెంకుల్లా కనిపిస్తుంది. అది పనికొచ్చే సరుకు గనుక సబ్బుపొడి వంటివాటి కోసం తవ్వి అమ్ముకున్నారు కూడా. మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ్‌కు చెందిన రవి కొరిశెట్టర్ తదితరుల బృందం ఆ బూడిద పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించింది. పనిముట్ల తీరు పెద్దగా మారలేదు గనుక అంతటి విపత్తును తట్టుకుని మనుషులు అక్కడే నిలబడ్డారనీ, బహుశా వాళ్ళు మనలాంటి హోమో సేపియన్లే కావచ్చనీ వాళ్ళ వాదన. ఎముక ఒక్కటీ దొరకలేదు గదా, ఆ పనిముట్లు మరో మానవ జాతివి ఎందుకు కాకూడదు, ఆధునిక మానవులు ఆ తర్వాతనే వచ్చి ఉండవచ్చు గదా అని మరికొందరు గట్టిగానే ఎదురు వాదించారు. ఇంకా తెగని ఈ తగవు పాఠంగా పెట్టదగినది. ఏది ఖాయం, ఏది ఊహ, రేపు ఒక్క పుర్రె దొరికితే ఎవరి మాట నిలుస్తుంది అనేది నంద్యాల జిల్లా పిల్లలకు ఆఫ్రికా దాకా వెళ్ళకుండా చెప్పవచ్చు.

హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ పని కూడా అలాంటిదే. లాల్జీ సింగ్, తంగరాజ్ తదితరులు హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, నేటి భారతీయుల్లో దాదాపు అన్ని సమూహాలూ రెండు ప్రాచీన జన సమూహాల కలయికతోనే ఏర్పడ్డాయని తేలింది. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి వరకూ సాగిందనీ, ఆ తర్వాత ఎవరి కులంలో వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకోవడం బిగుసుకుందనీ 2013లో వచ్చిన తరువాతి అధ్యయనం చెప్పింది. మొదటి సంగతి కులగౌరవం గురించి మాట్లాడేవాళ్ళకు నచ్చదు, రెండో సంగతి ఆసుపత్రిలో అక్కరకొస్తుంది. తెలుగునాట వైశ్య సమాజంలో ఒక ఎంజైము లోపం ఇతరుల కంటే ఎక్కువగా కనిపించడం వల్ల, ఆపరేషన్ వేళ మత్తుతో పాటు ఇచ్చే కొన్ని కండరాల సడలింపు మందులు వాళ్ళలో చాలాసేపు పనిచేస్తాయని మత్తు డాక్టర్లకు తెలుసు. ఇది ఆ సమాజపు తప్పు కాదు. తరతరాలుగా ఒకే గుంపులో పెళ్ళిళ్ళు చేసుకునే ఎవరికైనా ఏదో ఒకటి ఇలా పేరుకుంటుంది. మూలాల చరిత్ర తెలుసుకోవడం వల్ల ఏమిటి లాభం అని అడిగేవాళ్ళకు ఆపరేషన్ థియేటర్లో జవాబుంది.

డీఎన్ఏ పరిజ్ఞానం చేతికొచ్చాక రగడ కూడా పెరిగింది. 2019 సెప్టెంబరులో, హర్యానాలోని సింధు నాగరికత స్థలం రాఖీగఢీలో దొరికిన నాలుగున్నర వేల ఏళ్ళ నాటి ఒక స్త్రీ అస్థిపంజరపు డీఎన్ఏ ఫలితాలు వచ్చాయి. అందులో మధ్య ఆసియా స్టెప్పీ (గడ్డి మైదానాల) జనాల అంశ లేదు. అదే సమయంలో వచ్చిన మరో పెద్ద అధ్యయనం, ఆ స్టెప్పీ అంశ క్రీస్తుపూర్వం 2,000 తర్వాతి కాలంలో ఇక్కడికి చేరిందని చూపింది. రెండూ పక్కపక్కన పెట్టి చదవవలసినవి. మన టీవీ చర్చల్లో మాత్రం, ఈ స్టెప్పీ జనాలతో ముడిపెట్టే ఆర్యులు బయటి నుంచి రాలేదనేవాళ్ళు మొదటిదాన్నీ, వచ్చారనేవాళ్ళు రెండోదాన్నీ పట్టుకుని అరుచుకున్నారు. ఒక్క అస్థిపంజరం ఎంత చెప్పగలదు, ఎంత చెప్పలేదు అనే ప్రశ్న వేయడం నేర్పని చదువుకు ఇదే ఫలితం.

ఇక పొలం సంగతికి వస్తాను. బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తిలో చేర్చడం వల్ల కాయతొలుచు పురుగు ఆకు కొరికితే చస్తుంది. పర్యావరణవాదులు ఒకవైపు, విత్తన కంపెనీలు ఒకవైపు, మధ్యలో రైతు, అలా ఇరవై ఏళ్ళుగా ఆ వివాదం నడుస్తూనే ఉంది. కానీ ఆ రెండు పక్షాల గొడవలో అసలు కథ పక్కకు పోయింది. బీటీ విత్తనం 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మరో ప్యాకెట్ ఇచ్చేవారు, నాన్ బీటీది. చేను చుట్టూ దాన్ని వేయాలి. ఎందుకంటే, కోట్ల పురుగుల్లో ఏ కొన్నో ఆ విషాన్ని తట్టుకునేవి పుట్టనే పుడతాయి. చేనంతా బీటీయే అయితే మిగిలేవి అవే, జత కట్టేవీ అవే, కొన్నేళ్ళకు చేనంతా వాటి సంతానమే. చుట్టూ మామూలు పత్తి ఉంటే అక్కడ బతికిన మామూలు పురుగులు వీటితో జత కట్టి, తట్టుకునే గుణం పలచబడుతుంది. ఇది డార్విన్ చెప్పిన ప్రకృతివరణం, ఒక్క అక్షరం తేడా లేకుండా. కానీ ఆ మాట రైతుకు ఎవరూ ఆ రూపంలో చెప్పలేదు. కాపు తక్కువ ఇచ్చే విత్తనానికి ఎకరంలో చోటు ఎందుకు పాడుచేసుకోవాలని చాలామంది ఆ చిన్న ప్యాకెట్‌ను గట్టు మీద పారేశారు. నాలుగు డబ్బులు మిగులుతాయనే లెక్క రైతుది, అందులో తప్పు పట్టడానికి నేనెవరిని.

ఫలితం గులాబీ రంగు పురుగు. మొదటి రకం బీటీని తట్టుకునే పురుగులు గుజరాత్‌లో కనిపించాయని 2010కల్లా బయటపడింది, రెండు జన్యువులున్న రెండో రకాన్ని కూడా 2015 నాటికి దాటేశాయి. ఆ పురుగు పట్టిన చేలో పువ్వు విచ్చుకోదు, రేకులు ముడుచుకుపోయి గుడ్డి పువ్వుగా ఉండిపోతుంది. కాయ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. గోటితో చీల్చి చూస్తే లోపల దూది గోధుమరంగు తిరిగి, గింజలో కూర్చున్న గులాబీ రంగు పురుగు కనిపిస్తుంది. ఆదిలాబాద్ నుంచి గుంటూరు, కర్నూలు దాకా ఏ పత్తి ఊళ్ళోనైనా పదో తరగతి పిల్లవాడికి ఇది తెలుసు. వాడు చూస్తున్నది జీవపరిణామమేనని చెప్పే పాఠాన్నే మనం పుస్తకంలోంచి తీసేశాం.

ఇప్పుడు వరి వంతు వచ్చింది. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ మన సాంబ మసూరిలో, అంటే రైతులు బీపీటీ అని పిలిచే బాపట్ల 5204లో, ఒక జన్యువును సవరించి తయారుచేసిన రకాన్ని 2025 మేలో కేంద్రం ప్రకటించింది. డీఆర్ఆర్ ధాన్ 100 అని దాని పేరు, కమల అని ముద్దుపేరు. ఇరవై రోజులు ముందే కోతకు వస్తుందంటున్నారు. బయటి జన్యువు చేర్చలేదు గనుక బీటీ పత్తి లాంటిది కాదనేవాళ్ళు కొందరు, పరీక్షలూ పేటెంట్లూ తేలకుండా తొందరెందుకనేవాళ్ళు కొందరు. రెండు వైపులా అడగవలసిన ప్రశ్నలున్నాయి. నేను భయపడేది ఆ వరికి కాదు. సవరణకూ చేర్పుకూ తేడా తెలియని ఊళ్ళో ఆ చర్చ ఎలా జరుగుతుందో తలచుకుంటేనే భయం.

ఇదంతా చదివి, పాత పాఠం తిరిగి పెడితే చాలనుకుంటే అదీ పొరపాటే. పన్నెండో తరగతి పుస్తకంలో అంత గొప్పగా ఉంచామన్న ఆ అధ్యాయంలో, కోటిన్నర ఏళ్ళ కిందట రామాపిథికస్ అనే ప్రాచీన వానరం మనిషిని పోలి ఉండేదని రాశారు. అది వేరే ప్రాణి కాదనీ, ఒరాంగుటాన్‌కు దగ్గరైన శివాపిథికస్సేననీ శాస్త్రవేత్తలు 1980లలోనే తేల్చేశారు. ఆధునిక మానవుడు 75,000 నుంచి 10,000 ఏళ్ళ మధ్య మంచుయుగంలో ఉద్భవించాడని కూడా అందులో ఉంది. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికిన మన జాతి ఎముకల వయసు సుమారు 3 లక్షల ఏళ్ళని 2017లో ప్రకటించారు. డార్విన్ కోసం సంతకాలు చేసిన పెద్దలు ఈ తప్పుల మీద కూడా ఒక లేఖ రాస్తే బాగుండేది. సైన్సు పక్షాన ఉన్నామనుకునేవాళ్ళు కూడా పుస్తకాన్ని పూజాగదిలో పెట్టినట్టే ప్రవర్తిస్తే, పిల్లలు చివరికి రామాపిథికస్ మీద ఒక బిట్టు బట్టీపట్టి మార్కు తెచ్చుకుని మరిచిపోతారు.

మతాల మనసు నొచ్చుకుంటుందన్న మాట కూడా వినిపిస్తుంది. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం 1925లో మనిషి పరిణామం చెప్పినందుకు స్కోప్స్ అనే మాస్టారి మీద కేసు పెట్టి 100 డాలర్ల జరిమానా వేసింది. తుర్కియే 2017లో తొమ్మిదో తరగతి నుంచి ఈ పాఠం తీసేసింది. మన దగ్గర దశాబ్దాలపాటు ఈ పాఠం చెప్పిన మాస్టార్లలో తిరుమల కొండ నడిచి ఎక్కినవాళ్ళూ, నమాజు చదివినవాళ్ళూ, ఆదివారం చర్చికి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ బడుల ముందు ధర్నాలు జరిగినట్టు నేనైతే వినలేదు. లేని గొడవను మనమే ఎదురెళ్ళి పిలుచుకోవలసిన పని లేదు.

విద్య ఉమ్మడి జాబితాలో ఉంది. ఢిల్లీ పుస్తకాన్ని తీసుకున్న రాష్ట్రం దానికి అదనంగా ఒక చిన్న పుస్తకం చేర్చుకోవచ్చు, రాష్ట్ర పాఠ్యపుస్తకాలు రూపొందించే ఎస్‌సీఈఆర్‌టీకి ఆ శక్తీ ఉంది, రాయగల మాస్టార్లూ ఉన్నారు. రామాపిథికస్ అందులో అక్కర్లేదు. రెండో క్రోమోజోము, జ్వాలాపురం బూడిద, సీసీఎంబీ అధ్యయనం, పత్తికాయ, ఈ నాలుగు చాలు, ఇరవై పేజీలు దాటవు. పరీక్షలో బిట్లు ఇవ్వకపోతే మరీ మంచిది. గులాబీ పురుగు ఎక్కువగా కనిపించేది అక్టోబరు తర్వాత కాబట్టి, పత్తి పండే మండలాల్లో ఆ పాఠాన్ని సంక్రాంతి సెలవులకు ముందు పెట్టుకుంటే పురుగు పట్టిన కాయలు తెమ్మని పిల్లలకే చెప్పవచ్చు.